పసుపు, తేనెపట్టు, కేన్సరు వ్యాప్తి: ఆశకూ ఆధారానికీ నడుమ

పసుపు లేని తెలుగు ఇల్లు లేదు. గడపకు పూసేది, కొత్త బట్టల అంచులకు అద్దేది, తెగిన వేలికి పట్టించేది, దగ్గు వస్తే వేడి పాలలో కలిపి ఇచ్చేది పసుపే. తేనె సంగతీ అంతే. మందును తేనెలో రంగరించి అనుపానంగా ఇవ్వడం మన వైద్యులకు తరతరాల అలవాటు. అందుచేత “పసుపులోని ఒక పదార్థం కేన్సరును అరికట్టవచ్చు”, “తేనెపట్టులోని జిగురు కేన్సరు వ్యాప్తిని నిరోధించవచ్చు” అని పత్రికలలో చదివినపుడు మనకు ఆశ్చర్యం కలగదు. పైగా “ఇది మన పెద్దలకు ఏనాడో తెలుసు” అన్న సంతోషం కలుగుతుంది.

వృత్తిరీత్యా నేను రసాయన శాస్త్ర పరిశోధకుడను, వైద్యుడను కాను. అయినప్పటికీ తెలిసినవారి ఇళ్ళలో ఎవరికైనా కేన్సరు అని తేలినపుడు, వైద్యుని అడగడానికి మొహమాటపడే ప్రశ్నను నన్ను అడుగుతుంటారు. “పసుపు మాత్రలు ఇవ్వవచ్చునా? తేనెటీగల జిగురు మంచిదట కదా? ఎంతైనా సహజమైనవే కదా, హాని ఉండదు కదా?” ఈ ప్రశ్నలో ప్రేమ ఉన్నది, భయం ఉన్నది, మన సంప్రదాయం మీద గౌరవం ఉన్నది. కనుక దీనిని నవ్వి త్రోసిపుచ్చడం తగదు. అట్లాగని తల ఊపి ఊరుకోవడమూ తగదు.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ప్రకృతిలోని మొక్కలలోనూ తేనెపట్టులోనూ కేన్సరును ఎదిరించగల అణువులు ఉన్నవన్న మాట సత్యం. కాని “నిరోధించవచ్చు” అనే మాటలోని “వచ్చు” చాలా పెద్దది. ఆ “వచ్చు” తొలగి “నిరోధిస్తుంది” అని నిశ్చయంగా అనడానికి ముప్పై ఏళ్ళు పట్టిన సందర్భాలున్నవి. ఎన్నటికీ అనలేకపోయిన సందర్భాలు అంతకన్న ఎక్కువ. ఆ దూరాన్ని లెక్కచేయకుండా, పరీక్షకు నిలిచిన చికిత్సను పక్కనబెట్టి, పరీక్షకు నిలవని దానిని నమ్ముకోవడం ప్రాణాంతకం.

వ్యాధి ఎట్లా పాకుతుంది?

కేన్సరు వల్ల కలిగే మరణాలలో అధిక భాగానికి మొదట పుట్టిన కణితి కారణం కాదు. అది ఇతర అవయవాలకు పాకడం కారణం. మొదటి కణితిని శస్త్రచికిత్సతో తీసివేయగలం. ఎముకలకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు, మెదడుకు చెల్లాచెదురుగా చేరిన కణాలను కత్తితో ఏరివేయలేము. కనుకనే వ్యాప్తిని ఆపగల మందు దొరికితే కేన్సరులో సగం భయం పోయినట్లే.

1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు స్తన కేన్సరుతో మరణించిన 735 మంది శవపరీక్షల నివేదికలను పరిశీలించాడు. వ్యాధి అన్ని అవయవాలకూ సమానంగా పాకడం లేదని, కాలేయానికి తరచుగానూ ప్లీహానికి అరుదుగానూ చేరుతున్నదని గమనించాడు. విత్తనాలు గాలికి ఎటైనా ఎగిరిపోతాయి గాని, అనువైన నేలలోనే మొలకెత్తుతాయని ఆయన పోల్చి చెప్పాడు. నూరేళ్ళు దాటినా ఆ పోలిక చెక్కుచెదరలేదు.

ఒక కణం తన పుట్టుచోటు విడిచి మరొకచోట కాపురం పెట్టాలంటే ఎన్నో మెట్లు దాటాలి. పక్క కణాలతో ఉన్న బంధం తెంచుకోవాలి. చుట్టూ ఉన్న కొల్లాజెన్ పొరను కరిగించి దారి చేసుకోవాలి. రక్తనాళం గోడను తొలుచుకుని లోపలికి పోవాలి. రక్తప్రవాహపు ఒరిపిడిని, రక్షక కణాల దాడిని తట్టుకోవాలి. దూరాన మళ్ళీ గోడ దాటి బయటికి వచ్చి, కొత్త నేలలో వేళ్ళూని, తనకు ఆహారం తెచ్చే రక్తనాళాలను మొలిపించుకోవాలి. ఈ ప్రయాణంలో బయలుదేరిన కణాలలో అత్యధికం దారిలోనే నశిస్తాయి. మిగిలిన ఏ కొన్నో చాలు, ప్రాణం తీయడానికి.

ఇన్ని మెట్లు ఉన్నవంటే అడ్డుకొనే అవకాశాలూ అన్ని ఉన్నవన్నమాట. ఉదాహరణకు కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను తీసుకుందాం. తోకకప్ప పెద్ద కప్పగా మారేటపుడు దాని తోక ఎట్లా కరిగిపోతున్నదని వెదకుతూ 1962లో గ్రాస్, లాపియేర్ అనే శాస్త్రవేత్తలు ఈ కోవకు చెందిన మొదటి ఎంజైమును కనుగొన్నారు. వీటిని మేట్రిక్స్ మెటాలోప్రొటీనేజులు అంటారు. తోకకప్ప తోకను కరిగించే పనిముట్టునే కేన్సరు కణం గోడకు కన్నం వేయడానికి వాడుకుంటుంది. ఆ పనిముట్టును మొండిచేస్తే వ్యాప్తి ఆగవలె కదా అన్నది తర్కం.

తేనెపట్టు జిగురు, పసుపు రంగు

తేనెటీగలు తేనె, మైనంతోపాటు మరొక వస్తువును కూడా సేకరిస్తాయి. చెట్ల మొగ్గలపై ఊరే జిగురును గీకి తెచ్చి, మైనంతో కలిపి, పట్టులోని పగుళ్ళు పూడుస్తాయి. లోపలికి చొరబడి చచ్చిన ఎలుకను ఈడ్చివేయలేకపోతే, కుళ్ళిపోకుండా దానిని ఈ జిగురుతో కప్పివేస్తాయి. దీనినే ప్రొపోలిస్ అంటారు. 1988లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గ్రున్‌బెర్గర్, నకనిషి, వారి సహచరులు ఈ జిగురునుండి కెఫీక్ ఆమ్లపు ఫెనెథిల్ ఎస్టరు అనే అణువును వేరుచేసి, అది మామూలు కణాలకన్న కేన్సరు కణాలను ఎక్కువగా చంపుతున్నదని ప్రకటించారు. పేరు పొడుగైనా కూర్పు సులువే. కాఫీ గింజలనుబట్టి పేరు వచ్చిన కెఫీక్ ఆమ్లం ఒక సగం. గులాబీ పరిమళంలో ముఖ్యమైన ఫెనెథిల్ ఆల్కహాలు రెండవ సగం. ఈ వ్యాసంలో దీనిని “జిగురు ఎస్టరు” అని పిలుచుకుందాం.

1996లో ఈ ఎస్టరు, కణంలోని ఎన్.ఎఫ్. కప్పా-బి అనే ప్రొటీనును పనిచేయకుండా ఆపుతుందని తేలింది. వాపుకు, కణాలు చావును తప్పించుకొనడానికి, పైన చెప్పిన గోడలు కరిగించే ఎంజైముల ఉత్పత్తికి సంబంధించిన ఎన్నో జన్యువులకు ఆ ప్రొటీను ఒక మీట వంటిది. తరువాతి ప్రయోగాలలో ఆ ఎంజైముల ఉత్పత్తి తగ్గడం, ఎలుకలలో కణితి పాకడం తగ్గడం కూడా కనిపించాయి.

పసుపు కథ ఇంకా పాతది. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. దాని నిర్మాణాన్ని 1910లో తేల్చారు. 1985లో కేరళలో కుట్టన్, ఆయన సహచరులు పసుపు సారానికి కేన్సరు కణాలను ఎదిరించే గుణం ఉన్నదని ప్రకటించారు. 1995లో కుర్కుమిన్ కూడా ఎన్.ఎఫ్. కప్పా-బి మీటను ఆపుతుందన్న పత్రం వచ్చింది. అప్పటినుండి కుర్కుమిన్‌పై పరిశోధన పత్రాలు వేల సంఖ్యలో వెలువడినవి.

రసాయనికునిగా ఈ రెండు అణువులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. రెండింటిలోనూ బెంజీను వలయంపై హైడ్రాక్సిల్ సమూహాలు, దాని పక్కన ఒక ద్విబంధం, ఆ పక్కన కార్బొనిల్ ఉన్నవి. ఇటువంటి కూర్పు ప్రొటీనులలోని గంధకంతో త్వరగా బంధం కలుపుకొంటుంది. ఒక్క ప్రొటీనుతో కాదు, ఎదురైన అనేక ప్రొటీనులతో. ఊరందరితోనూ చేయి కలిపే మనిషి ఎవరికి ఆప్తమిత్రుడో చెప్పడం కష్టం. అట్లాగే గాజు పళ్ళెంలో ఏ పరీక్ష పెట్టినా ఫలితం చూపే అణువు నిజంగా ఏ వ్యాధికి మందో చెప్పడమూ కష్టమే. 2017లో అమెరికాలో వెలువడే ఔషధ రసాయన శాస్త్ర పత్రికలో నెల్సన్, ఆయన సహచరులు సరిగా ఈ మాటే వ్రాశారు. కుర్కుమిన్ నీటిలో నిలకడగా ఉండదని, లోహాలను పట్టుకుంటుందని, స్వయంగా వెలుగునిచ్చి పరీక్షా పరికరాలను మోసగిస్తుందని, అప్పటికి జరిగిన 120కి పైగా క్లినికల్ పరీక్షలలో ఉత్తుత్తి మాత్రతో పోల్చి గుట్టుగా జరిపిన ఏ పరీక్షలోనూ అది విజయం సాధించలేదని వారు ఎత్తిచూపారు. పైగా కుర్కుమిన్ రంగంలో మిక్కిలి పేరు పొందిన ఒక ప్రయోగశాలనుండి వచ్చిన పత్రాలలో పలువాటిని ఆయా పత్రికలు తరువాత ఉపసంహరించుకున్నవి.

గాజు పళ్ళెం నుండి మనిషి దాకా

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పసుపు పొడిలో కుర్కుమిన్ సుమారు 3 శాతం. చెంచాడు పసుపు 3 గ్రాములనుకుంటే అందులో కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. క్లోమగ్రంథి కేన్సరు రోగులకు రోజుకు 8 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2008లో వెలువడినవి. అంటే రోజుకు దాదాపు 90 చెంచాల పసుపుకు సమానం. అంత మింగినా రక్తంలో గరిష్ఠంగా కనిపించినది మిల్లీలీటరుకు 22 నుండి 41 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. గాజు పళ్ళెంలో కేన్సరు కణాలను లొంగదీయడానికి సాధారణంగా వాడే 10 మైక్రోమోలార్ గాఢత మిల్లీలీటరుకు సుమారు 3,700 నానోగ్రాములు. అవసరమైన దానిలో నూరవ వంతు మాత్రమే రక్తానికి చేరుతున్నదన్నమాట. మిగిలినది ప్రేగులు దాటదు. దాటిన దానిని కాలేయం వెంటనే మార్చి బయటికి పంపుతుంది.

మిరియాలలోని పైపరీను కలిపితే కుర్కుమిన్ రక్తంలో ఎక్కువగా నిలుస్తుందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపారు. నిజమే. కాని పైపరీను చేసే పని కాలేయపు కావలిని మందగింపజేయడం. ఆ కావలి మందగిస్తే కుర్కుమిన్ ఒక్కటే కాదు, రోగి తీసుకొనే ఇతర మందులూ రక్తంలో పెరుగుతాయి. కేన్సరు మందుల విషయంలో అది చిన్న సంగతి కాదు.

మరి ప్రేగుల ఊసు లేకుండా నేరుగా సిరలోకి ఎక్కిస్తే? 2020లో వెలువడిన ఒక పరీక్షలో అర్మేనియాలో ముదిరిన స్తన కేన్సరు ఉన్న 150 మంది స్త్రీలకు పాక్లిటాక్సెల్ అనే మందుతోపాటు కుర్కుమిన్‌నో ఉత్తుత్తి ద్రవాన్నో సిర ద్వారా ఇచ్చారు. కుర్కుమిన్ అందుకున్నవారిలో కణితి తగ్గినవారి సంఖ్య ఎక్కువ. కాని వ్యాధి మళ్ళీ ముదరడానికి పట్టిన కాలంలో స్పష్టమైన తేడా కనబడలేదు. ఇది ఆశాజనకమే; మరింత పెద్ద పరీక్షకు తగినదే. అయితే ఇది ఆసుపత్రిలో, కొలిచిన మోతాదులో, పరీక్షకు నిలిచిన మందుకు తోడుగా జరిగిన పని. దానిని చూపి సీసాలో మాత్రలు అమ్మడం న్యాయం కాదు.

తేనెపట్టు జిగురుకు మరొక చిక్కున్నది. తేనెటీగలు ఏ ఊరి చెట్టు దొరికితే ఆ చెట్టు జిగురే తెస్తాయి. ఐరోపా, ఉత్తర అమెరికా జిగురు ఎక్కువగా పాప్లార్ మొగ్గలది. జిగురు ఎస్టరు ఉండేది అందులోనే. బ్రెజిల్ ఆకుపచ్చ జిగురు వేరొక మొక్కది, దాని రసాయనాలూ వేరు. సీసాపై “ప్రొపోలిస్” అన్న పేరు ఒక్కటే. లోపలి పదార్థం ఒక్కటి కాదు. పైగా ఎలుక రక్తంలో ఆ ఎస్టరు కొన్ని గంటలలోనే విడిపోయి కెఫీక్ ఆమ్లంగా మారుతుంది. కొందరికి ఈ జిగురు తగిలితేనే ఒంటిపై దద్దుర్లు లేస్తాయి. కేన్సరు మందుగా దీనికి అమెరికాలో ప్రభుత్వ ఆమోదం ఇంతవరకు రాలేదు.

“వ్యాప్తిని ఆపుతుంది” అన్న తర్కం ఎంత చక్కగా ఉన్నా మనిషి శరీరం దానిని ఒప్పుకోకపోవచ్చుననడానికి 1990 దశకమే సాక్ష్యం. గోడలు కరిగించే ఎంజైములను మొండిచేయడానికి గొప్ప ఔషధ సంస్థలు మారిమాస్టాట్, టానోమాస్టాట్ వంటి మందులను ఎంతో నేర్పుతో తయారుచేసినవి. జంతువులలో అవి చక్కగా పనిచేసినవి. రోగులకిచ్చి చూస్తే మారిమాస్టాట్ కీళ్ళనొప్పులు తెచ్చిందేగాని, క్లోమగ్రంథి కేన్సరులో వాడుకలో ఉన్న మందును మించలేదు. టానోమాస్టాట్ తీసుకున్నవారు పాత మందు తీసుకున్నవారికన్న ముందుగా మరణిస్తున్నారని గమనించి 1999లో పరీక్షను నిలిపివేశారు. గురి చూసి చేసిన మందులకే ఆ గతి పట్టినపుడు, గాజు పళ్ళెంలో అదే ఎంజైమును కొంచెం తగ్గించిన సహజ పదార్థాన్ని చూసి “వ్యాప్తి ఆగుతుంది” అని ప్రకటించడం తొందరపాటు కాదా?

గెలిచిన మొక్కలు

ఇదంతా చదివి, ప్రకృతిలో మందు లేదని నేనంటున్నానని తలచవద్దు. మన పెరళ్ళలో ఊదారంగు పూలు పూసే బిళ్ళగన్నేరును చూడండి. ఈ మొక్క ఆకులు మధుమేహానికి మంచివని జమైకాలో నమ్మేవారు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ నమ్మకాన్ని పరీక్షించబోగా చక్కెర తగ్గలేదు. ఎలుకలలో తెల్లకణాలు తగ్గిపోయినవి. నమ్మకం తప్పయింది, పరీక్ష ఫలించింది. 1958లో వారు విన్‌బ్లాస్టీనును ప్రకటించారు. అదే మొక్కనుండి వచ్చిన విన్‌క్రిస్టీను 1963లో ఆమోదం పొంది, పిల్లల రక్త కేన్సరు చికిత్సలో నేటికీ ముఖ్యమైన మందుగా ఉన్నది.

1962లో వాషింగ్టన్ రాష్ట్రపు అడవులలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడును సేకరించారు. మన్రో వాల్, మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వానీ దానినుండి పాక్లిటాక్సెల్‌ను వేరుచేసి 1971లో నిర్మాణం ప్రకటించారు. 1979లో సూసన్ హార్విట్జ్ అది పనిచేసే తీరును కనిపెట్టారు. 1992 చివరలో గాని అమెరికా ప్రభుత్వం ఆమోదించలేదు. బెరడు ఒలిచిన నాటినుండి ముప్పై ఏళ్ళు. వాల్, వానీలే చైనా చెట్టు ఒకదానినుండి 1966లో కాంప్టోథెసిన్‌ను కనుగొన్నారు. అది యథాతథంగా మందుగా పనికిరాలేదు. దాని అణువును మార్చి చేసిన ఇరినోటెకాన్ 1996లో మందయింది.

ఈ మొక్కలలో ఏదీ కషాయంగా త్రాగితే కేన్సరును నయంచేయదు. బిళ్ళగన్నేరు ఆకు నమిలితే విషమే దక్కుతుంది. ఏ అణువు, ఎంత మోతాదు, ఏ రోగికి, ఏ మార్గాన అని తేల్చిన తరువాతనే అవి మందులయినవి.

భీమవరం నుండి ఒక పాఠం

ఈ విషయంలో మనకు అందరికన్న దగ్గరివాడైన గురువు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టి అమెరికాకు వచ్చి, న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ ఆమ్లం అనే విటమినుకు ఆ పేరు లాటిను భాషలో ఆకును సూచించే మాటనుండి వచ్చింది. 1941లో దానిని పాలకూర ఆకులనుండి తీశారు. సుబ్బారావు గారి బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తానికి ఇంత మేలుచేసే విటమిను రక్త కేన్సరు పిల్లలకూ మేలుచేయదా అన్న ఆశతో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లపు రూపాలను ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గలేదు సరిగదా, వేగం పుంజుకొన్నది. ఆకులోని అమృతం వ్యాధికే ఆహారమయింది.

అప్పుడు వారు ప్రశ్నను తిరగవేశారు. ఆ విటమినును పోలి ఉండి, దాని పని చేయనివ్వని అణువు కావాలి. సుబ్బారావు గారి బృందం అందించిన అమినోప్టెరిన్ అట్టిదే. విటమిను అణువులో ఒకచోట ఆక్సిజను ఉండే స్థానంలో నైట్రోజను చేరింది. అంతమాత్రం మార్పుతో పోషకం కాస్తా ప్రతిరోధకమయింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించిందని ప్రకటించారు. పిల్లల రక్త కేన్సరును మందుతో తాత్కాలికంగానైనా వెనుకకు నెట్టడం అదే మొదలు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ ప్రాణాలు నిలుపుతున్నది. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆయన మనకిచ్చిన పాఠం ఇదని నేననుకుంటాను: సహజం, కృత్రిమం అన్న విభజన రోగికి పనికిరాదు. పరీక్షకు నిలిచినది, నిలవనిది అన్న విభజనే పనికివస్తుంది.

“హాని లేదు కదా” అన్న మాట

“మేలు చేయకపోయినా కీడు చేయదు కదా” అనే మాట తరచు వింటాము. కూరలో పసుపు, పాలలో పసుపు, రొట్టెపై తేనె విషయంలో ఆ మాట సరే. కాని సారం తీసి బిగించిన మాత్ర వంట కాదు. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది రోగుల వివరాలను కాలేయ నిపుణుల బృందం 2022లో ప్రకటించింది. వారిలో అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు మరణించారు. కొన్ని మాత్రలలో మిరియాల పైపరీను కూడా ఉన్నది.

“యాంటీ ఆక్సిడెంటు” అన్న మాటకు మనం దాదాపు మంత్రానికిచ్చే గౌరవం ఇస్తున్నాము. ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిపిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారికి ఊపిరితిత్తుల కేన్సరు 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. 2015లో స్వీడన్, అమెరికా శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో ఒక యాంటీ ఆక్సిడెంటు మెలనోమా అనే చర్మ కేన్సరు వ్యాప్తిని హెచ్చించింది. ప్రయాణంలో నలిగి చావవలసిన కేన్సరు కణాలకు అది ఊతమిచ్చింది. వ్యాప్తిని ఆపుతుందని కొన్నది వ్యాప్తికి తోడ్పడే అవకాశం ఉన్నదని గ్రహించాలి.

మందుకు మందు అడ్డుపడడం మరొకటి. మనోవ్యాకులతకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, ఇరినోటెకాన్ శరీరంలో పనిచేసే రూపాన్ని 42 శాతం తగ్గించిందని 2002లో నెదర్లాండ్స్ వైద్యులు చూపారు. ఒక చెట్టు ఇచ్చిన మందును మరొక మొక్క హరించింది. అదే ఏడాది కుర్కుమిన్ కూడా ఎలుకలలో కొన్ని స్తన కేన్సరు మందుల బలాన్ని తగ్గించిందన్న పత్రం వచ్చింది.

వీటన్నిటికన్న పెద్ద హాని కాలహరణం. 2018లో యేల్ పరిశోధకులు ప్రకటించిన లెక్క చూడండి. స్తన, ప్రొస్టేటు, ఊపిరితిత్తుల, పెద్దప్రేగు కేన్సర్లు ఇంకా దూరాలకు పాకని దశలో, చికిత్సను వదలి ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న 281 మందిని, అటువంటివారే అయి చికిత్స పొందిన 560 మందితో పోల్చారు. మొదటివారికి మరణ ప్రమాదం 2.5 రెట్లు. స్తన కేన్సరులో అయిదున్నర రెట్లకు పైమాటే. పాకకముందే పట్టుకున్న వ్యాధిని పాకనిచ్చిన ఫలితమది. ఆప్రికాట్ గింజల లేట్రైల్ అమెరికాలో ఎందరిని మభ్యపెట్టిందో పెద్దలకు గుర్తుండవచ్చు. 178 మందికి ఇచ్చి చూసి, మేలు లేదని, కొందరి రక్తంలో సయనైడు ప్రమాదకర స్థాయికి చేరుతున్నదని 1982లో తేల్చేవరకు ఆ మోజు తగ్గలేదు.

మన కర్తవ్యం

1995లో పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికాలో పేటెంటు ఇచ్చినపుడు మనమంతా బాధపడ్డాము. భారతదేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలనుండి, పత్రికలనుండి 32 ఆధారాలు చూపి 1997లో దానిని రద్దు చేయించినపుడు గర్వించాము. ఆ గర్వం న్యాయమైనదే. కాని ఆ వివాదంలో ప్రశ్న “ఇది పాతదా?” అన్నది మాత్రమే. మంచాన పడిన తల్లి విషయంలో ప్రశ్న “ఇది పనిచేస్తుందా?” అన్నది. మొదటి ప్రశ్నకు తాళపత్రం సాక్ష్యం చాలు, రెండవదానికి చాలదు. రెండింటినీ కలగలపడమే మన పొరపాటు.

మనం నివసించే దేశపు చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. 1994 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఆహార అనుబంధాలుగా అమ్మే మాత్రలు పనిచేస్తాయని అమ్మకానికి ముందు ప్రభుత్వానికి రుజువు చేయనక్కరలేదు. పచారీ దుకాణంలో అమ్ముతున్నారు కనుక ఎవరో పరీక్షించే ఉంటారనుకోవడం భ్రమ. భారతదేశంలోనైతే కేన్సరు నయంచేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా అటువంటి ప్రకటనలు మన ఇళ్ళకు చేరుతూనే ఉన్నవి.

కనుక నా విన్నపాలు కొన్ని. వండే పసుపును మానవద్దు. మాత్రగా కొనే పసుపును వైద్యునికి చెప్పకుండా మ్రింగవద్దు. కేన్సరు వైద్యుని వద్దకు పోయినపుడు ఇంట్లో వాడే పొడులు, లేహ్యాలు, జిగురు చుక్కలు, టీలు అన్నిటి జాబితా వ్రాసి తీసుకుపోండి. ఇంగ్లీషు సరిగా రాని తల్లిదండ్రుల తరపున ఆ జాబితా చెప్పవలసినవారు పిల్లలే. “డాక్టరు కోప్పడతాడేమో” అని దాచడం వల్ల కలిగే నష్టం కోపం కన్న పెద్దది. ఎవరైనా ఒక సహజ ఔషధాన్ని పొగిడితే మూడు ప్రశ్నలు వేయండి: ఇది గాజు పళ్ళెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా చూసింది? ఏ మోతాదులో, అది రక్తానికి చేరిందా? దేనితో పోల్చి చూశారు? మూడింటికీ జవాబు లేకపోతే అది ఇంకా “వచ్చు” దశలోనే ఉన్నదని అర్థం.

చివరిది, నా దృష్టిలో ముఖ్యమైనది. మన పసుపు, మన మూలికలు నిజంగా గొప్పవని నమ్మేవారు వాటిని పరీక్షకు పెట్టడానికి ముందుకు రావాలి. వైద్యుడు క్లినికల్ పరీక్షలో చేరమని సూచిస్తే “మనమీద ప్రయోగాలా?” అని బెదరక, వివరాలడిగి ఆలోచించాలి. తానా వంటి సంఘాలు సభలకు వెచ్చించే ధనంలో కొంత కేన్సరు ముందస్తు పరీక్షల శిబిరాలకు, కొంత మూలికా పరిశోధన చేసే యువ శాస్త్రజ్ఞులకు కేటాయిస్తే అది సుబ్బారావు గారికి తగిన నివాళి. పసుపును నెత్తిన పెట్టుకోవడం సులువు. తూకంలో పెట్టడం కష్టం. రెండవది చేసినవారే దానిని నిజంగా గౌరవించినవారు.